పాఠకుల ప్రశ్నలు: రెండో మనిషి ఎక్కడున్నాడు?

విశాఖపట్నం పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గురి గురించి కాకుండా, జట్టుగా ఆడటం గురించి ఉన్నాయి. అది మంచి మార్పే. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి, అయిదుగురితో అయిదుగురు తలపడే కంప్యూటర్ తుపాకుల ఆటలను దృష్టిలో పెట్టుకొని జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలను కుదించాను గాని, అడిగిన విషయాన్ని మార్చలేదు.

ప్రశ్న: మేము అయిదుగురం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థులం. వాలరెంట్‌లో మాలో ఇద్దరు ఇమ్మోర్టల్ ర్యాంకులో, మిగిలిన ముగ్గురం అసెండెంట్‌లో ఉన్నాం. అయినా కళాశాలల పోటీలో, మాకంటే కింది డైమండ్ ర్యాంకు దాటని జట్టు చేతిలో 13–6 తేడాతో ఓడిపోయాం. మా గురి తమకంటే మెరుగని ఆ తర్వాత వారే అన్నారు. లోపం ఎక్కడుంది? (గాజువాక)

జవాబు: మీరు ఉత్తరంతోపాటు పంపిన రికార్డింగును రెండుసార్లు చూశాను. మొదటిసారి అందరిలాగే తుపాకుల మీదే దృష్టి పెట్టాను, లోపమేమీ కనిపించలేదు. రెండోసారి మీవాళ్లలో ఒకరు పడిపోయిన ప్రతిచోటా ఆపి, ఆ క్షణంలో అతని వెనక రావలసిన రెండో మనిషి ఎక్కడున్నాడన్నది ఒక్కటే చూశాను. చాలాసార్లు అతను గోడకు అవతల ఉన్నాడు, లేదా మ్యాపు రెండో కొసన మరో ప్రత్యర్థి కోసం కాపు కాస్తున్నాడు. మీవాడిని చంపినవాడు ఆ వెంటనే చనిపోయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆటగాళ్లు ట్రేడ్ అని పిలిచేది దీన్నే. మూల మీద తుపాకీ ఎక్కుపెట్టి కూర్చున్న ప్రత్యర్థి మొదటి మనిషిని కొట్టిన తర్వాత ఒకటి రెండు సెకన్లపాటు ఆ రౌండు మొత్తంలో ఎప్పుడూ లేనంత బలహీనంగా ఉంటాడు. అతనున్న చోటు బయటపడిపోతుంది, తుపాకీ ఇంకా మొదటి మనిషి పడిన దిక్కే చూస్తూ ఉంటుంది, వరసగా పేల్చినందువల్ల గుళ్లు చెదురుతూ ఉంటాయి, తూటాలు కూడా తగ్గి ఉంటాయి. సరిగ్గా ఆ సమయంలో రెండో మనిషి కనిపిస్తే అయిదుగురికి అయిదుగురుగా ఉన్న లెక్క నలుగురికి నలుగురు అవుతుంది, అంటే మీకు నష్టమేమీ లేదు, పైగా ఆ మూల మీ చేతికి వచ్చింది. నాలుగు సెకన్లు ఆలస్యమైతే అతను చోటు మార్చి, తూటాలు నింపుకొని, మీరు ఎక్కడి నుంచి వస్తున్నారో తన జట్టుకు చెప్పేసి ఉంటాడు. అప్పుడు మీ రెండో మనిషి మళ్లీ మొదటి మనిషే. మీ రికార్డింగులో జరిగింది ఇదే: అయిదుగురు కలిసి వెళ్లినట్టు కనిపిస్తూనే ఒకరి తర్వాత ఒకరుగా అయిదు విడి పోరాటాలు చేశారు.

కబడ్డీ ఆడినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. రైడర్ చీలమండను ఒకరు పట్టుకున్న మరుక్షణమే పక్కవాడు నడుము మీద పడాలి. అర సెకను ఆలస్యమైతే రైడర్ చేయి మధ్యగీతను తాకుతుంది, పట్టుకున్నవాడి కష్టం కూడా వృథా అవుతుంది. పట్టినవాడి పట్టు బలహీనమని మనం అనుకుంటాం గాని, తప్పు పక్కవాడిది.

ఇక దూరం సంగతి. మరీ దగ్గరగా ఉంటే ఒకే ఫ్లాష్ ఇద్దరి కళ్లకూ కమ్ముతుంది, ఒకే వరసలో పేలిన గుళ్లు ఇద్దరినీ పడగొడతాయి, గుమ్మం దగ్గర ఒకరికొకరు అడ్డం కూడా పడతారు. మరీ దూరంగా ఉంటే పైన చెప్పిన ఆలస్యం తప్పదు. మొదటి మనిషి తుపాకీ మోత వినబడగానే ఒక్క అడుగు వేస్తే అదే మూల తనకూ కనిపించాలి. ఆ ఒక్క అడుగే రెండో మనిషి ఉండవలసిన దూరం. వీలైతే ఇద్దరూ ఒకే క్షణంలో, ఒకరు గోడకు దగ్గరగా, మరొకరు వెడల్పుగా తిరిగి బయటికి రావడం ఇంకా మేలు. కదులుతూ మూల దాటినవాడికి, నిలబడి ఉన్నవాడు ముందుగా కనిపిస్తాడు, ఎందుకంటే కదలిక సమాచారం సర్వర్ మీదుగా అవతలివాడి తెరకు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ కొద్దిపాటి ఆధిక్యం ఒకేసారి ఇద్దరికి దొరికితే, మూలలో కూర్చున్నవాడు ఎంత గురికాడైనా ఒకరినే ఎంచుకోగలడు.

మీ జట్టులో మరో చిక్కు ఉంది. ఇమ్మోర్టల్ ర్యాంకులో ఉన్న ఇద్దరూ డ్యూయలిస్టులుగానే (అందరికంటే ముందు దూసుకెళ్లే పాత్రలు) ఆడుతూ, చెరొక దారిన ముందుకు పోతున్నారు. డ్యూయలిస్టు పని చంపడం కాదు, చోటు సంపాదించడం. అతను సైట్‌లోకి, అంటే బాంబు పెట్టే చోటులోకి, దూకి ఇద్దరు ప్రత్యర్థుల తుపాకులను తన వైపు తిప్పుకొని పడిపోయినా, వెనక వచ్చినవారు ఆ ఇద్దరినీ పడగొడితే అతను తన పని చేసినట్టే. ఆట ముగిశాక కనిపించే పట్టికలో అతని పక్కన చావుల అంకె పెద్దదిగా ఉంటుంది, దాన్ని చూసి ఎగతాళి చేసే అలవాటు మీ జట్టులో ఉన్నట్టు రికార్డింగులోని మాటలను బట్టి తెలిసింది. అది మానుకోకపోతే, రేపటి నుంచి ముందు వెళ్లడానికి ఎవరూ ఉండరు.

రెండు వారాలపాటు ఇలా చేసి చూడండి. అయిదుగురిలో రెండు జతలు స్థిరంగా పెట్టుకోండి, అయిదోవాడు స్మోక్‌లు, అంటే చూపుకు అడ్డుపడే పొగలు, వేసే కంట్రోలర్‌గా ఉండనివ్వండి. కస్టమ్ గదిలో (ఆటలో మీకు మీరే ఏర్పాటు చేసుకునే సాధన గది) ఒకరు మూలను కాస్తుండగా ఒక జత దాడి చేయాలి. ఎవరూ పడకుండా గెలిచినా, మొదటివాడు పడిన రెండు సెకన్లలోపు కాపలాదారు పడినా జతకు ఒక మార్కు. అంతకంటే ఆలస్యంగా చంపితే మార్కు లేదు. మొదటి రోజు మార్కులు చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ప్రశ్న: మా జట్టులో నలుగురు అమ్మాయిలం, ఒక అబ్బాయి, అందరం తెలుగువాళ్లమే. రౌండు మొదలైన దగ్గరి నుంచి అందరం మాట్లాడుతూనే ఉంటాం, కాని కావలసిన మాట ఎవరికీ వినబడదు. కాల్స్ (జట్టుకు చెప్పే సమాచారం) ఎలా ఇవ్వాలి? తెలుగులో ఇవ్వాలా, ఇంగ్లీషులో ఇవ్వాలా? (ఎం.వి.పి. కాలనీ)

జవాబు: ఏ భాషలో అన్నది కాదు, ఏ మాట ముందు వస్తుందన్నదే ముఖ్యం. ఈ విషయంలో మన భాష వాక్యనిర్మాణం ఒక చిన్న ఉచ్చు పన్నుతుంది. తెలుగులో అసలు సంగతి వాక్యం చివర ఉంటుంది. అసెంట్ మ్యాపులో హెవెన్ అనే ఒక చోటు ఉంది. ‘హెవెన్‌లో ఒకడు ఉన్నాడు’ అన్నా, ‘హెవెన్‌లో ఒకడూ లేడు’ అన్నా, ఆఖరి మాట వచ్చేవరకు రెండూ ఇంచుమించు ఒకటే. ఆ ఆఖరి మాట పలికేటప్పుడే తుపాకీ పేలినా, నెట్ ఒక్క క్షణం తెగినా, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, వినేవారికి హెవెన్ అన్నది ఒక్కటే మిగులుతుంది. ఉన్నాడనుకొని ఆగిపోయేవారు కొందరు, లేడనుకొని వెళ్లి చనిపోయేవారు కొందరు. కాబట్టి ఆటలో క్రియాపదాలను వదిలేయండి. ‘హెవెన్ ఇద్దరు’, ‘ఖాళీ హెవెన్’ అంటే చాలు. లేని సంగతి చెప్పేటప్పుడు ‘ఖాళీ’ అన్న మాటను ముందు పెట్టండి, ఉన్న సంగతి చెప్పేటప్పుడు చోటు పేరుతో మొదలుపెట్టండి. మొదటి అక్షరంతోనే రెండింటికీ తేడా తెలిసిపోతుంది.

చోటు, అంకె, ఆ తర్వాత దెబ్బ. దెబ్బ చెప్పేటప్పుడు ‘చిటికేస్తే పడిపోతాడు’ వంటి మాటలు వద్దు. ఉత్సాహంలో మనందరం ముప్పై తగిలించి తొంభై అంటాం. అంకె తెలిస్తే అంకె చెప్పండి, తెలియకపోతే ఊరుకోండి. చెప్పే అంకె అతనికి తగిలినదా, అతనికి మిగిలినదా అన్నది జట్టంతా ముందే ఒకటిగా నిర్ణయించుకోవాలి. అలా నిర్ణయించుకోని జట్టులో ‘ఎనభై’ అన్న మాటకు ఇద్దరు రెండు అర్థాలు తీసుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

కుడి, ఎడమ అన్న మాటలు కూడా పనికిరావు. మీ కుడి వైపు మీకు ఎదురుగా వచ్చే స్నేహితురాలికి ఎడమ. మన ఊళ్లో ఎవరికైనా దారి చెప్పేటప్పుడు కాంప్లెక్స్ దాటాక, జగదాంబ దగ్గర, మద్దిలపాలెం జంక్షన్‌లో అంటాం తప్ప దిక్కులు చెప్పం. మ్యాపులోనూ అంతే, ప్రతి మూలకూ ఒక పేరు ఉండాలి, ఆ పేరు అయిదుగురికీ ఒకటే కావాలి. ప్రపంచమంతా వాడే పేర్లు నేర్చుకుంటే ఎవరితోనైనా ఆడవచ్చు గాని, పేరు లేని మూలలకు మీరే ఒక పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు.

‘ఇందాక’ అన్న మాటను పూర్తిగా నిషేధించండి. ‘ఇందాక మిడ్‌లో (మ్యాపు మధ్యభాగంలో) ఒకడు కనిపించాడు’ అంటే ఎప్పుడు? పదిహేను సెకన్ల కిందటైతే ఆ మనిషి ఈపాటికి మ్యాపు రెండో వైపు చేరి ఉండవచ్చు. పాత సమాచారాన్ని కొత్తదానిలా చెప్పడం, చెప్పకపోవడం కంటే హానికరం.

చనిపోయినవారు తాము చూసినదాన్ని ఒక్కసారి చెప్పి మౌనంగా ఉండాలి. ఒక్కరే మిగిలినప్పుడు, ఆ ఒక్కరు అడిగితే తప్ప ఎవరూ నోరు విప్పకూడదు, ఎందుకంటే ఆ సమయంలో ఆమెకు మీ సలహా కంటే ప్రత్యర్థి అడుగుల చప్పుడు ఎక్కువ అవసరం. క్రికెట్‌లో పరుగు తీసేటప్పుడు బ్యాటర్లు యెస్, నో, వెయిట్ అనే మూడు మాటలతో గడుపుకుంటారు. మీకు మరో పది మాటలు కావచ్చు, వంద మాత్రం అక్కర్లేదు.

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జట్టులో మిగిలిన నలుగురు మా అన్నయ్య, అతని స్నేహితులు. అందరూ ఉద్యోగాలు చేస్తున్నారు. మ్యాపులు నాకే బాగా తెలుసని నన్నే కెప్టెన్ చేశారు. కాని పెద్దవాళ్లకు ఆజ్ఞలు వేయాలంటే నోరు రాదు. ‘అన్నా, కొంచెం ఆగండి’ అనేసరికే వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. (కంచరపాలెం)

జవాబు: మీ ఇబ్బందికి మన భాషలోనే మందు ఉంది. ఆగు, ఆగండి అన్న తేడా క్రియాపదాలకే గాని అన్ని మాటలకూ లేదు. ‘వెనక్కి’, ‘ముందుకు’, ‘నెమ్మది’, ‘ఇప్పుడు’, ‘వద్దు’ అన్న మాటలను తమ్ముడికి చెప్పినా తాతగారికి చెప్పినా ఒకే రూపం. వాటిలో అమర్యాద లేదు, ఆలస్యమూ లేదు. రౌండు మధ్యలో ఇవే వాడండి. రౌండుకు ముందు ఆయుధాలు కొనే సమయంలో, వాలరెంట్‌లో అది 30 సెకన్లు, కావలసినంత గౌరవంగా ‘అన్నా, ఈసారి బి వైపు వెళ్దామండి, మీరు మొదట, అన్నయ్య రెండో మనిషి’ అని చెప్పుకోవచ్చు.

ఇంకొకటి మీరు చేయలేనిది, మీ అన్నయ్య చేయాలి. ఆట నడిచేంతసేపు తమ్ముడి మాటే చెల్లుతుందని, అభ్యంతరాలు రౌండు ముగిశాకే చెప్పాలని స్నేహితుల ముందు ఆయనే ప్రకటించాలి. మీరు తప్పు వైపు పిలిచారనుకుందాం. అయిదుగురూ కలిసి వెళ్తే ఆ తప్పు కూడా కొన్నిసార్లు గెలుస్తుంది. ముగ్గురు మీ మాట విని, ఇద్దరు తమ తెలివిని నమ్ముకొని వేరే దారిన పోతే, మీ నిర్ణయం సరైనదైనా ఆ ముగ్గురు చచ్చేదాకే దాని ఆయుష్షు.

కెప్టెన్‌కు గురి ఎక్కువ ఉండాలన్న నియమమేమీ లేదు. డెన్మార్క్‌కు చెందిన ఫిన్ ఆండర్సన్, ఆటలో కారిగాన్ అన్న పేరుతో ప్రసిద్ధుడు, 2022లో ఆంట్వెర్ప్‌లో జరిగిన కౌంటర్ స్ట్రైక్ మేజర్‌లో (ఆ ఆటలో అతి పెద్ద పోటీ) ఫేజ్ జట్టును విజేతగా నిలిపారు. ఆయనను జట్లు కోరుకునేది చంపిన లెక్క కోసం కాదు, పిలుపుల కోసం. అయితే పోరాటం మొదలయ్యాక కళ్లముందు జరిగేది మీకంటే అక్కడున్నవారికే బాగా తెలుస్తుంది. కాబట్టి ‘వెళ్లాలా, వెనక్కి రావాలా’ అన్న ఆఖరి మాటను ముందు నడిచే జతకు వదిలేయడం మంచిది.

ప్రశ్న: షిఫ్టు ముగిశాక రాత్రిపూట నలుగురు మిత్రులతో వాలరెంట్ ఆడతాను. ఒక మిత్రుడు జట్టంతా డబ్బు దాచుకుందామన్న రౌండులో కూడా ఏదో ఒక తుపాకీ కొంటాడు. ‘నా క్రెడిట్లు (ఆటలోని డబ్బు) నా ఇష్టం’ అంటాడు. అతని వాదన సరైనదేనా? (ఉక్కునగరం)

జవాబు: కాదు. లెక్క కాగితం మీద వేసి చూపించండి. మొదటి రౌండుకు ఒక్కొక్కరికి 800 క్రెడిట్లు ఇస్తారు. అవి ఖర్చుపెట్టి ఓడిపోతే రెండో రౌండుకు 1,900, అది కూడా ఓడిపోతే మూడో రౌండుకు 2,400 వస్తాయి. రెండో రౌండులో ఏమీ కొననివారి చేతిలో మూడో రౌండుకు 4,300 ఉంటాయి. వాండల్ గాని ఫాంటమ్ గాని (రెండూ రైఫిళ్లే) 2,900, పెద్ద కవచం 1,000, రెండూ పోగా 400 మిగిలి స్మోక్‌లకూ ఫ్లాష్‌లకూ సరిపోతాయి.

మీ మిత్రుడు రెండో రౌండులో 1,600 పెట్టి స్పెక్టర్ అనే చౌక తుపాకీ కొని ఓడిపోయాడనుకుందాం. మిగిలిన 300కు 2,400 కలిపితే 2,700. అంటే మూడో రౌండులో మీరు నలుగురు రైఫిళ్లతో నిలబడితే అతనికి ఒక వాండల్ కూడా రాదు. ఒక ప్రత్యర్థిని చంపినందుకు వచ్చే 200 కలిసినా సరిగ్గా 2,900 అయి, కవచం లేకుండా తుపాకీ మాత్రం వస్తుంది. మీ దగ్గర మిగిలిన నాలుగేసి వందలతో అతనికి మీరు రైఫిల్ కొనిపెట్టలేరు. అతని ఇష్టం ఖరీదు జట్టంతా కట్టవలసి వచ్చిందన్న మాట.

అందరూ కలిసి కొనడం తప్పు కాదు, అందరూ కలిసి దాచడం తప్పు కాదు. సగం సగం చేయడమే తప్పు. దాడి చేసే వైపు ఉన్నప్పుడు దాచుకునే రౌండులోనూ స్పైక్ (వాలరెంట్‌లో బాంబు) పెట్టే ప్రయత్నం మానకండి, ఎందుకంటే పెట్టగలిగితే ఓడినా ఒక్కొక్కరికి 300 అదనంగా వస్తాయి. వరసగా గెలుస్తున్నప్పుడు డబ్బు పేరుకున్నవారు లేనివారికి కొనిపెట్టాలి. 9,000 దాటితే అంకె పెరగదు కాబట్టి దాచుకొని లాభం లేదు.

ప్రశ్న: వీడియోలు చూసి ఒక్కో మ్యాపుకు ముప్పై స్మోక్‌లు, మలోటోవ్‌లు (నిప్పు సీసాలు) విసిరే పద్ధతులు కంఠస్థం చేశాను. కౌంటర్ స్ట్రైక్ 2లో మా జట్టులో నా అంత యుటిలిటీ (విసిరే సామగ్రి) తెలిసినవారు లేరు. అయినా ఫలితం కనిపించడం లేదు. (మద్దిలపాలెం)

జవాబు: ముప్పై ఎక్కువ. అయిదుగురికీ తెలిసిన ఆరు చాలు. మిరాజ్ మ్యాపులో ‘A’ సైట్ మీద దాడికి సీటీ, స్టెయిర్స్, జంగిల్ అనే మూడు చోట్ల పొగ కమ్మించడం ఎంతో పాత పద్ధతి, ప్రతి ప్రత్యర్థికీ తెలిసినదే. తెలిసినా అది పనిచేస్తుంది, ఎందుకంటే ఆ మూడు దారులూ ఒకేసారి మూసుకుపోతే సైట్‌లో మిగిలిన మనిషి ఒంటరివాడవుతాడు. ఒక పొగ ఇప్పుడు, మరొకటి ఏడు సెకన్ల తర్వాత పడితే మీరు గుమ్మం తెరిచి మూస్తున్నట్టే. మీరొక్కరే మూడూ వేయాలని చూడటం వల్ల జరిగేది అదే. ఎవరి స్మోక్ గాలిలో ఎక్కువసేపు ఉంటుందో వారు ముందు విసరాలి, మూడూ ఇంచుమించు ఒకేసారి విచ్చుకోవాలి, అవి విచ్చుకునే క్షణానికి మొదటి జత గుమ్మంలో ఉండాలి. పొగ విచ్చుకున్న తర్వాత ‘వెళ్దామా?’ అని చర్చించుకునే జట్లను చూశాను. పొగ పలచబడేనాటికి వారి చర్చ ముగుస్తుంది.

పైగా కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ మధ్యలో హెచ్‌ఈ గ్రెనేడ్ (పేలుడు బాంబు) పేలితే ఆ పొగ కాసేపు కిటికీలా తెరుచుకుంటుంది, కాబట్టి పొగను గోడ అనుకొని దాని వెనక నిశ్చింతగా నిలబడకూడదు.

యుటిలిటీని జట్టు పనిగా మార్చిన పేరు ఆస్ట్రాలిస్‌కు దక్కింది. డెన్మార్క్‌కు చెందిన ఆ జట్టు 2017లో అట్లాంటా, 2018లో లండన్, 2019లో కటోవీట్సె, బెర్లిన్ మేజర్లను గెలిచింది, వాటిలో చివరి మూడూ వరసగా వచ్చినవి. ఒకరు ఫ్లాష్ విసరడం, అది పేలే క్షణానికి మరొకరు మూల దాటడం వారి ఆటలో ఎడతెగకుండా కనిపిస్తుంది. తన కోసం తానే ఫ్లాష్ విసురుకునేవాడు తుపాకీ మళ్లీ చేతిలోకి తీసుకునేసరికే సగం సమయం పోతుంది. మీకు అన్నీ తెలుసంటున్నారు కాబట్టి, రేపటి నుంచి మీరు మొదట వెళ్లడం మాని, ముందు వెళ్లేవాడి కోసం విసరండి.

రెండు దారుల నుంచి ఒకేసారి విరుచుకుపడే దాడికి కూడా ఇదే వర్తిస్తుంది. మన తీరంలో జాలరులు ఒడ్డు నుంచి పెద్దవల లాగడం మీరు చూసే ఉంటారు. రెండు తాళ్ల దగ్గర రెండు గుంపులు, ఒకే లయ. ఒక గుంపు తొందరపడితే వల వంకర తిరుగుతుంది. మిడ్ దారిన వచ్చే జత, మెయిన్ (సైట్‌కు ప్రధాన దారి) నుంచి వచ్చే జత ఎవరికి వారు ‘మేం సిద్ధం’ అనుకోవడం చాలదు, ఒక గొంతు మూడు లెక్కపెట్టాలి.

ప్రశ్న: జట్టుకు దూరంగా ఒంటరిగా తిరిగే లర్కర్ స్వార్థపరుడు కాదా? మీరు చెప్పే జతల సిద్ధాంతానికి అది విరుద్ధం కదా? (అక్కయ్యపాలెం)

జవాబు: మ్యాపు రెండో వైపు అతను ఉన్నాడేమోనన్న భయంతో ఒక కాపలాదారు అక్కడే ఆగిపోతే, మిగిలిన నలుగురు నలుగురితోనే తలపడతారు, కాబట్టి దూరంగా ఉన్నా అతను జట్టులోనే ఉన్నట్టు. తనవాళ్లు సైట్‌లోకి దిగిన చప్పుడుకు కాపలాదారులు పరిగెత్తే దారిలో అతను ఎదురుపడాలి. నలుగురు చనిపోయాక తీరిగ్గా ఇద్దరిని చంపి పట్టికలో పైన నిలిచేవాడైతే మీ మాటే నిజం.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రి పదకొండు దాటాక ‘పడ్డాడు, పడ్డాడు, బాంబు పెట్టెయ్’ అని అరుస్తాడు. పక్క ఫ్లాటువారు రెండుసార్లు తలుపు కొట్టారు. ఆ ఆటకు అరవడం అవసరమా? (సీతమ్మధార)

జవాబు: అవసరం లేదమ్మా. పైగా అది అతని జట్టుకే నష్టం. ఈ ఆటలలో ప్రత్యర్థి అడుగుల చప్పుడు వినడం మీద సగం ఆట ఆధారపడి ఉంటుంది. ఒకరు మైకులో అరిస్తే మిగిలిన నలుగురికీ ఆ చప్పుడు వినబడదు. పొరుగువారి నిద్ర గురించి చెబితే వినని అబ్బాయి, తన అరుపు వల్ల స్నేహితులు చనిపోతున్నారంటే వినవచ్చు. పై ఉత్తరానికి, అంటే ఎం.వి.పి. కాలనీ వారికి ఇచ్చిన జవాబు అతని చేత చదివించండి.

ప్రశ్న: నాకు స్థిరమైన జట్టు లేదు. ముంబై సర్వర్‌లో ముక్కూ మొహం తెలియని నలుగురితో ఆడతాను. ఒకరు హిందీ, ఒకరు తమిళం, ఒకరికి మైకే ఉండదు. జట్టు ఆట సాధ్యమేనా? (పెందుర్తి)

జవాబు: కొంతవరకు. ఏజెంట్‌ను (మీరు ఆడే పాత్రను) ఆఖరున ఎంచుకోండి, జట్టులో కంట్రోలర్ గాని, దాడికి దారి తెరిచే ఇనీషియేటర్ గాని లేకపోతే ఆ లోటు మీరు తీర్చండి. మ్యాపులోని చోట్ల పేర్లు అందరికీ ఒకటే కనుక, చోటు పేరు, అంకె, వీటికి తోడు మ్యాపు మీద పింగ్ (చోటును చూపే గుర్తు) ఉంటే భాష అడ్డం కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరు ముందు దూకే స్వభావం ఉన్నవాడో మొదటి రెండు రౌండ్లలో గమనించి, అతను అడగకపోయినా అతనికి రెండో మనిషి కండి. అతను మిమ్మల్ని తిట్టినా సరే, అతని వెనకే ఉండండి.

ప్రశ్న: సైట్ పోయాక తిరిగి స్వాధీనం చేసుకోవడంలో మేం దాదాపు ప్రతిసారీ విఫలమవుతున్నాం. వేగంగానే చేరుకుంటాం, అయినా ఒకరొకరుగా పడిపోతాం. (భీమిలి)

జవాబు: వేగంగా చేరుకోవడమే మీ జబ్బు. మీ దగ్గర ఎంత సమయం ఉందో ముందు తెలుసుకోండి. వాలరెంట్‌లో స్పైక్ పెట్టిన 45 సెకన్లకు పేలుతుంది, తీయడానికి, అంటే పేలకుండా ఆపడానికి, 7 సెకన్లు పడుతుంది, సగం వరకు తీసి ఆపితే ఆ సగం అలాగే నిలుస్తుంది. అంటే 38వ సెకను లోపు మొదలుపెడితే చాలు. సగం ఇంతకు ముందే అయి ఉంటే 41 దాటాక కూడా ఆశ ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ 2లో బాంబు 40 సెకన్లకు పేలుతుంది, కిట్ (బాంబు తీసే పరికరం) లేకపోతే తీయడానికి 10 సెకన్లు, ఉంటే 5. ఆట డబ్బులో 400 డాలర్ల ఆ కిట్‌తో దొరికే అయిదు సెకన్లు అలాంటి రౌండులో తుపాకీ కంటే విలువైనవి. అయినా అందరూ దాన్ని కొనడం మరచిపోతారు.

ఈ లెక్క తెలిసినవారికి మొదటి పది పన్నెండు సెకన్లు కూడటానికి ఖర్చుపెట్టవచ్చునని అర్థమవుతుంది. ముందు చేరినవాడు లోపలికి వెళ్లకూడదు, మూల వెనకే ఆగి చప్పుళ్లు వినాలి, ఎవరు ఎక్కడున్నారో చెప్పాలి. మిగిలినవారు చేరాక, దాచి ఉంచిన ఫ్లాష్‌లు వేసి, రెండు వైపుల నుంచి ఒకేసారి వెళ్లాలి. సైట్ కాపాడుకుంటున్న ప్రత్యర్థులు రెండు దిక్కుల నుంచి ఒకే చోటిని గురిపెట్టి కూర్చుంటారు. వారిలో ఒకడిని మీరు ఇద్దరు కలిసి ముందు తొలగిస్తే గాని ఆ ఏర్పాటు చెదరదు. మీరు ఇద్దరే మిగిలి, వారు నలుగురుంటే వెళ్లనే వద్దు. చేతిలో ఉన్న తుపాకులతో బతికి బయటపడితే తర్వాతి రౌండుకు అవి ఉంటాయి.

స్పైక్ దగ్గరికి చేరాక ఒకరు తీస్తుంటే మరొకరు కాపు కాయాలి, ఇద్దరూ స్పైక్ వైపు చూడకూడదు. తీయడం మొదలైన చప్పుడు వినగానే దాక్కున్నవాడు ఉండబట్టలేక బయటికి వస్తాడు. అందుకే ఒకసారి మొదలుపెట్టి వెంటనే వదిలేసి, వచ్చినవాడిని రెండో మనిషి చేత కొట్టించడం మంచి ఎత్తు. కౌంటర్ స్ట్రైక్‌లో కిట్ ఉన్నవాడు సైట్‌లోకి మొదట అడుగుపెట్టకూడదు. ఒకవేళ అతనే పడిపోతే కిట్ అక్కడే నేల మీద పడి ఉంటుంది, మీవాళ్లు దాన్ని తీసుకోవచ్చు. తనను చంపినవాడు ఎక్కడున్నాడో చెప్పిన వెంటనే, కిట్ ఎక్కడ పడిందో కూడా చెప్పి అతను మౌనం వహించాలి.